బ్లాక్‌జాక్ డీలర్‌కి కూడికలు రాకపోతే మనమేం చెయ్యాలి? (గోవా అనుభవం, కాస్త పెద్ద పోస్టు)

అరండల్‌పేట_4వలైన్ | శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. పోయిన వారం నలుగురం ఫ్రెండ్స్ గోవా వెళ్ళొచ్చాం, గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా వాస్కోలో దింపుద్ది కదా, దారంతా పదమూడు ముక్కలాట ఆడుకుంటా పోయాం, నేనే గెలిచా, అందుకే ఊపు మీదున్నా. రెండో రోజు రాత్రి పణజీలో మాండవి నది మీద ఉండే పడవ క్యాసినోల్లో ఒకదానికి పోయాం. పేరు చెప్పను, గొడవెందుకు.

బ్లాక్‌జాక్ టేబుల్, మినిమం వెయ్యి. ఆట తెలీనోళ్ళకి, 21 దాటకుండా డీలర్ కన్నా 21కి దగ్గరగా ఉంటే మనదే, బొమ్మ ముక్కలన్నీ పది కింద లెక్క. డీలర్ కొత్తమ్మాయి అనుకుంటా, ముక్కలు తీసేటప్పుడు వేళ్ళు వణుకుతున్నయ్, పాపం అనుకున్నా. ఆ పాపం అనుకోటమే నా కొంప ముంచింది. మూడు వేలు పెట్టా. నాకు రాణి, పది. ఇరవై! డీలర్ ముందు 4. ఇంకేముంది మనదే అని కుర్చీలో వెనక్కి వాలా. ఆ అమ్మాయి ముక్క తీసింది, ఆసు. ఇంకోటి తీసింది, 2. ఇంకోటి, కళావరు రాజు. అక్కడ ఒక్క క్షణం ఆగి పెదాలు కదుపుతా లెక్కేసుకుని "సిక్స్‌టీన్" అని ఇంకో ముక్క లాగింది. 4. ఈసారి మొదట్నుంచీ కూడి "ట్వెంటీ వన్" అని నా మూడు వేలు ఊడ్చేసింది. నాకు బుర్ర పనిచెయ్యటానికి ఐదు సెకన్లు పట్టింది, 4, ఆసు 5, రెండు 7, రాజు 17 కదా, 17కి ఆగాలి కదా అని నేను అరిచేసరికి ముక్కలన్నీ పక్క ట్రేలోకి పోయినయ్.

సూపర్‌వైజర్ వచ్చాడు, కోటేసుకుని నవ్వుకుంటా. "కార్డ్స్ తీసేశారు కదా సర్, ఇప్పుడేం చెయ్యలేం" అన్నాడు హిందీలో. మా వాళ్ళేమో వదిలెయ్ రా వదిలెయ్ రా అని లాక్కుపోయారు.

సరే అని ఇంకో టేబుల్‌కి మారా, అక్కడ డీలర్ మగపిల్లోడు, చేతులు మెషీన్ లాగా ఆడుతున్నయ్, హమ్మయ్య అనుకున్నా. 2500 పెడితే మొదటి రెండు ముక్కల్లోనే 21, అంటే బ్లాక్‌జాక్ పడింది, ఆసు రాజు. దానికి 3:2, రెండుకి మూడు, అంటే 3750 రావాలి, వాడు మూడు వేలే ఇచ్చాడు! 750 ఎగ్గొట్టాడు. అడిగితే ఏదో గొణిగాడు, ఆ మ్యూజిక్కులో వినబళ్ళా.

మొత్తం మీద రాత్రికి 11,500 పోయింది. ఆట వల్ల పోతే బాధ లేదు, డీలర్ ఎక్కాలు రాకపోతే నా డబ్బులెందుకు పోవాలి? మీకెవరికన్నా ఇట్టా జరిగిందా?

బ్యారేజీ_70_గేట్లు | రాత్రి 10:58

మావా నువ్వు చెప్పింది చదివి నవ్వాగట్లా 😂 కానీ ఒక డౌటు, 4, ఆసు, 2 అంటే 7, అక్కడ దాకా ఆ అమ్మాయి కరెక్టే గదా, రాజు తీసింది 17, అక్కడ ఆగాలి, ఆగలేదు. అంటే ఒక్క తప్పే. ఒక్క తప్పుకి ఇంత పెద్ద పోస్టా.

మా ఊళ్ళో సంక్రాంతికి బరుల పక్కన గుండాట బోర్డు పెడతారు చూడు, ఆ బోర్డు వాడు బడి మొహం చూశాడో లేదో కూడా తెలీదు, నలభై చేతులు ఒకేసారి నోట్లు పడేస్తే ఎవడు ఎక్కడ ఎంత పెట్టాడో, ఎవడికెంతియ్యాలో ఒక్కడికి కూడా తప్పు పోదు. ఆణ్ణి పంపించాలి గోవాకి.

కొండవీటి_చాంతాడు | రాత్రి 11:20

బ్యారేజీ బాబూ, నువ్వు కూడా ఆ డీలరమ్మాయి పక్కన కూర్చోవచ్చు. ఆసు ఒకటిగానూ లెక్కే, పదకొండుగానూ లెక్కే. 4, ఆసు, 2 పడగానే 17 అయిపోయింది, ఆసుని 11గా పట్టుకుంటే. దాన్ని సాఫ్ట్ 17 అంటారు. కొన్ని టేబుళ్ళలో డీలర్ సాఫ్ట్ 17 మీద ఇంకో ముక్క తీస్తాడు, కొన్నిట్లో ఆగిపోతాడు, ఏదైనా సరే బట్ట మీద రాసే ఉంటుంది. అరండల్‌పేట నాయనా, నీ టేబుల్ మీద ఏం రాసుంది?

నేను బ్యాంకు కౌంటర్లో 31 ఏళ్ళు చేశాను. మనిషి తప్పు చెయ్యడం తప్పు కాదు, కానీ నోట్ల కట్ట కస్టమర్ కళ్ళ ముందు రెండోసారి లెక్కపెట్టకుండా సొరుగులో వెయ్యడం మాత్రం ఘోరమైన తప్పు. ఆ అమ్మాయి చేసింది అదే.

అరండల్‌పేట_4వలైన్ | రాత్రి 11:27

గుర్తొచ్చింది బాబాయ్ గారూ, మా ఫ్రెండ్‌ని కూడా అడిగా, డీలర్ 17కి ఆగాలి అన్ని రకాల 17కీ అని ఇంగ్లీషులో ఉంది ఆ పచ్చ బట్ట మీద. అంటే రాజు తియ్యకూడదా అసలు?! అంటే రెండు తప్పులా ఒక్క చేతిలో?! నాకు ఇప్పుడు ఇంకా మండుతంది. నిద్ర పట్టదు ఇక.

బ్యారేజీ_70_గేట్లు | రాత్రి 11:31

సరే ఒప్పుకున్నా, నాకూ రాదు. నేను జీతం తీసుకోట్లేదు గదా దానికి.

పాత_డీలర్_తెనాలి | శనివారం ఉదయం 6:15

నేను ఇక్కడ చాన్నాళ్ళ నుంచీ చదవటమే కానీ రాయను, ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయా. ఆరేళ్ళు క్రూజ్ షిప్పులో డీలర్‌గా చేశా, ఇప్పుడు తెనాల్లో షాపు పెట్టుకున్నా. అవతలి వైపు నుంచి కూడా చెప్తా, తిట్టుకోకండి.

ముందు మీ విషయం. సూపర్‌వైజర్ "తీసేశారు, ఏం చెయ్యలేం" అన్నాడు చూశారా, అది అబద్ధం, లేదా బద్ధకం. డీలర్ ముక్కలు ఎట్టబడితే అట్టా తియ్యడు. పంచేటప్పుడు తన ఎడమ నుంచి కుడికి పంచుతాడు, తీసేటప్పుడు కుడి నుంచి ఎడమకి ఒక వరుసలో తీస్తాడు, ఎందుకంటే గొడవొస్తే ట్రేలో పైనున్న ముక్కల్ని అదే వరుసలో వెనక్కి పరిచి ఎవరి చేతిలో ఏముందో మళ్ళీ చూపించటానికే. మా దగ్గర ట్రైనింగులో మొదటి వారం అంతా ఇదే, ముక్కలు తియ్యి, వెనక్కి పరువు, తియ్యి, వెనక్కి పరువు. వేళ్ళు కాయలు కాసేవి. ముక్కలు ఎప్పటికప్పుడు కలిపే మెషీన్‌లోకి వెళ్ళిపోతే వెనక్కి పరచటం కుదరదు, కానీ మీరు ట్రే అన్నారు కాబట్టి కుదురుద్ది. అదీ కుదరకపోతే పైన కెమెరా ఉంది. ఆ టేబుల్ మీద ప్రతి ముక్క, ప్రతి చిప్పు రికార్డవుద్ది. మీరు "కెమెరా చెక్ చేయండి, అప్పటిదాకా తర్వాతి చెయ్యి పంచొద్దు" అనాల్సింది. ఆ రెండో మాటే ముఖ్యం. పంచడం మొదలైతే వరుస చెడుద్ది.

డీలర్ చేతులు చూశారా ఎప్పుడన్నా? టేబుల్ దగ్గర్నుంచి లేచేటప్పుడు రెండు చేతులూ చరిచి, అరచేతులు తిప్పి చూపిస్తాడు. పైనున్న కెమెరాకి, ఏం దాచలేదు అని. మనం ముక్క కావాలంటే వేలితో బట్ట మీద తట్టాలి, వద్దంటే చెయ్యి అడ్డంగా ఊపాలి, నోటితో చెప్తే ఒప్పుకోరు, ఎందుకంటే కెమెరాకి మాట వినపడదు. డబ్బులు చేతికివ్వబోతే తీసుకోడు, బల్ల మీద పెట్టమంటాడు. అదంతా పొగరు కాదండీ.

ఇక ఆ అమ్మాయి సంగతి. ముక్కలు కూడటం అంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టడం కాదు, బొమ్మలు గుర్తుపట్టడం. 6, 5 పక్కపక్కన చూస్తే చెయ్యి 11 అంటది, మనసు కాదు. అది రావటానికి నెలలు పడుద్ది. మధ్యలో ఆసు వచ్చి తర్వాత పెద్ద ముక్క వస్తే 17 మళ్ళీ 17గానే ఉంటది కదా, కొత్తవాళ్ళు కచ్చితంగా తడబడేది అక్కడే. నేనూ తడబడ్డా. రద్దీ రోజుల్లో మనుషులు చాలక పూర్తిగా తయారుకాని పిల్లల్ని చిన్న మినిమం టేబుళ్ళ మీద కూర్చోబెడతారు, తప్పు ఆ పిల్లలది కాదు, కూర్చోబెట్టినోడిది.

మంగళగిరి_పానకం | ఉదయం 9:03

తెనాలి అన్నయ్యా మీ పోస్టు చదివాక నా సంగతి చెప్పాలనిపించింది. మా ఆయన ఆఫీసు వాళ్ళతో కొలంబో వెళ్ళాం, అక్కడ క్యాసినోకి తీసుకెళ్ళారు, నాకసలు ఆట రాదు, మా ఆయన పక్కన కూర్చుని నేర్పించాడు. నాకు 20, డీలర్‌కి 20. సమానం వస్తే మన పందెం మనకి వదిలెయ్యాలి కదా, ఆ అబ్బాయి నేను గెలిచినట్టు నా చిప్స్ పక్కన ఇంకో అన్ని చిప్స్ పెట్టేశాడు. నేను నోరు తెరిచి "బాబూ ఇది సమానం కదా" అనబోయేలోపు బల్ల కింద మా ఆయన కాలు తొక్కాడు. చెప్పుతో. నేను ఆపుకోలేక చెప్పేశా. అబ్బాయి ముఖం తెల్లబోయింది, వెనక నుంచి సూపర్‌వైజర్ వచ్చి ఏదో సింహళంలో గట్టిగా అన్నాడు, ఆ అబ్బాయిని లేపేసి ఇంకొకర్ని కూర్చోబెట్టారు.

నేను మంచి చేశానో చెడు చేశానో ఇప్పటికీ తెలీదు. మా ఆయన మాత్రం హోటల్ దాకా మాట్లాడలా.

పటమట_పిల్లి | ఉదయం 9:20

అక్కా మీరు తప్పు చేశారు 😄 మన దగ్గర తప్పుగా లాక్కుంటే తిరిగియ్యరు, వాళ్ళు తప్పుగా ఇస్తే మనమెందుకియ్యాలి.

అయినా నాకర్థం కాదు, ఎవరు వెళ్ళమన్నారు మిమ్మల్ని అక్కడికి? పోయేదే కదా ఎట్టాగూ. డీలర్ తెలివిగలవాడైతే మర్యాదగా పోద్ది, తెలివితక్కువోడైతే మర్యాద లేకుండా పోద్ది.

పాత_డీలర్_తెనాలి | ఉదయం 9:41

చెల్లెమ్మా, మీరు చెప్పకపోయినా కెమెరాలో దొరికితే ఆ అబ్బాయి మీదే రాస్తారు, అప్పుడు ఇంకా పెద్ద తప్పు. మీరు చెప్పటం వల్ల వెంటనే తేలిపోయింది. మా దగ్గర నెలకిన్ని తప్పులు అని ఫైల్లో రాసేవాళ్ళు. మీ ఆయనకి చెప్పండి.

కొండవీటి_చాంతాడు | ఉదయం 10:10

పిల్లి గారూ, కౌంటర్లో ఒకసారి నేను ఒకాయనకి వెయ్యి ఎక్కువ ఇచ్చాను. సాయంత్రం క్యాష్ టాలీ అవలేదు, నా జేబులోంచి కట్టాను. మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి ఇచ్చేశాడు, మిర్చి యార్డులో హమాలీ. ఇంకేం చెప్పను.

ఇప్పుడు అరండల్‌పేట గారి రెండో ఫిర్యాదు. నాయనా, 2500కి 3000 ఇచ్చాడన్నావు. 2500ని 5తో భాగించి 6తో గుణించు. 3000. అది డీలర్ తప్పు కాదు, ఆ టేబుల్ రూలే 6:5. చేతులు మెషీన్ లాగా ఆడుతున్నయ్ అన్నావు కదా, అతను సరిగ్గానే ఇచ్చాడు. నువ్వు టేబుల్ మారావు, బట్ట చదవలేదు.

అరండల్‌పేట_4వలైన్ | ఉదయం 10:16

అయ్యో

బ్యారేజీ_70_గేట్లు | ఉదయం 10:17

🤣🤣🤣 థ్రెడ్ టైటిల్ మార్చు మావా, "నాకు చదువు రాకపోతే డీలర్ ఏం చెయ్యాలి"

కొండవీటి_చాంతాడు | ఉదయం 10:45

నవ్వకండి, ఇది చిన్న విషయం కాదు. పేకలో 52 ముక్కలు. ఆసులు 4, పది విలువ ఉన్నవి 16. మొదటి రెండు ముక్కల్లోనే ఈ జత పడటం దాదాపు 21 చేతులకి ఒకసారి. వెయ్యి రూపాయల పందెం మీద 3:2 అయితే 1500 వస్తుంది, 6:5 అయితే 1200. తేడా 300. ఆ 300ని 21 చేతులకి పంచితే చేతికి 14 రూపాయల చిల్లర. అంటే ప్రతి వెయ్యి మీదా 14 రూపాయలు అదనంగా కట్టాలి, బ్లాక్‌జాక్ నీకు పడినా పడకపోయినా. మంచి రూల్స్ ఉన్న టేబుల్ మీద, పుస్తకం ప్రకారం తప్పులేకుండా ఆడేవాడికి క్యాసినో వైపు మొగ్గు వందకి అర్ధరూపాయి దగ్గర ఉంటుంది, అంటే వెయ్యికి 5. అది ఒక్క దెబ్బకి 19 అయింది చూడు. గంటకి 60 చేతులు పంచే చురుకైన డీలరైతే ఈ అదనమే గంటకి 850 దాకా.

ఆ "పుస్తకం ప్రకారం" అనేది కూడా గాల్లోంచి ఊడిపడలేదు, 1956లో అమెరికా సైన్యంలో పనిచేసే నలుగురు కుర్రాళ్ళు డెస్కు కాలిక్యులేటర్ల మీద కూర్చుని లెక్కలు కట్టి గణాంక శాస్త్ర పత్రికలో వేయించారు. కంప్యూటర్ లేదు. నాకు ఆ నలుగురంటే చాలా ఇష్టం.

ఇంకో మాట, మీరంతా నెమ్మది డీలర్ని తిడుతున్నారు. వెయ్యికి ఇంత అని పోయే ఆటలో గంటకి 60 చేతులు పంచేవాడి కన్నా 35 చేతులు పంచేవాడే మన స్నేహితుడు. ఆ వణికే పిల్ల దగ్గరే కూర్చుని, లెక్క మనం చూసుకుంటూ ఉంటే సరిపోయేది.

పటమట_పిల్లి | ఉదయం 11:02

బాబాయ్ గారూ మీ బ్యాంకు వాళ్ళు మిమ్మల్ని రిటైర్ చేసి పెద్ద తప్పు చేశారు.

గవర్నర్‌పేట_గ్లాసు | మధ్యాహ్నం 1:30

డీలర్ల సంగతి సరే, పక్కన కూర్చునే మనవాళ్ళ సంగతేంటి? నేను చివరి కుర్చీలో కూర్చుని 12 మీద ముక్క తీసుకున్నా, డీలర్ దగ్గర 2 ఉంది, నాకు పది పడి పోయా. డీలర్ మూసిన ముక్క పది, తర్వాత 9 వచ్చి 21 అయింది. పక్కన మన గుంటూరు పెద్దాయన, చెవి పోగులు, మెళ్ళో లావు గొలుసు, "ఏందయ్యా నువ్వు ఆ పది తీసుకోకపోతే అది డీలర్‌కి పోయేది, మొత్తం టేబుల్‌ని ముంచావు" అని అరగంట తిట్టాడు. తెలుగులో! డీలర్‌కి అర్థం కాకపోయినా సైగలతో ఆయన వైపే తలాడించాడు. 12 మీద 2కి తీసుకోవటమే కరెక్టని నాకు తెలుసు, చెప్పే ధైర్యం లేక లేచొచ్చేశా.

పాత_డీలర్_తెనాలి | మధ్యాహ్నం 1:52

😀 ఆ పెద్దాయన ప్రతి టేబుల్‌కీ ఒకరు ఉంటారు, ఏ దేశమైనా. మీరు తీసుకున్న ముక్క డీలర్‌కి మంచిదో చెడ్డదో ముందు ఎవరికీ తెలీదు, ఎన్నిసార్లు ముంచుతారో అన్నిసార్లు తేలుస్తారు కూడా. ముంచినవే గుర్తుంటయ్. ఆ డీలర్ తలాడించటం మాత్రం తప్పు. మమ్మల్ని ఏ ఆటగాడి ఆట మీదా ముఖంలో కూడా ఏం చూపించొద్దని చెప్పేవాళ్ళు.

ఒప్పుకుంటా, చెడ్డ డీలర్లు ఉన్నారు. ఫోన్ మీద ధ్యాసున్నోళ్ళు, పక్క టేబుల్ డీలర్‌తో కబుర్లు చెప్పేవాళ్ళు, ఓడిపోయినోడి చిప్స్ నవ్వుకుంటా తీసేవాళ్ళు. కానీ అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది "ఇన్సూరెన్స్ తీసుకోండి సర్, మంచిది" అని సలహా ఇచ్చే డీలర్ (డీలర్ ముందు ఆసు పడితే, రెండోది పది విలువ ముక్కేనని మనం కట్టే పక్క పందెం అది). అడగాలి, సలహా ఇవ్వకూడదు.

అరండల్‌పేట_4వలైన్ | మధ్యాహ్నం 2:05

ఇన్సూరెన్స్ మంచిది కాదా?? నేను తీసుకున్నా. నాలుగైదు సార్లు. ఆ రెండో టేబుల్ పిల్లోడే "తీసుకోండి సర్ సేఫ్" అన్నాడు.

మోడరేటర్ | మధ్యాహ్నం 2:30

ఒక చిన్న మనవి. ఇద్దరు సభ్యులు ఆన్‌లైన్ బ్లాక్‌జాక్ యాప్ లింకులు పెట్టారు, తీసేశాం. మన రాష్ట్రంలో 1974 గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటలు నిషేధించారు, 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం చేసింది. మళ్ళీ పెడితే ఐడీ పోతుంది. చర్చ కొనసాగించండి, బావుంది.

గవర్నర్‌పేట_గ్లాసు | మధ్యాహ్నం 2:41

మరి రమ్మీ మాత్రం స్కిల్ గేమ్ అని 1968లో సుప్రీంకోర్టు అన్నది మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే కదా, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అని. అట్టా చూస్తే బ్లాక్‌జాక్‌లో కూడా పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవచ్చు. గుర్తుపెట్టుకుంటే మాత్రం బయటికి పంపిస్తారు. ఇదెక్కడి న్యాయమో. సరే మోడరేటర్ గారూ, ఆపేశా.

కొండవీటి_చాంతాడు | సాయంత్రం 4:18

ఇన్సూరెన్స్ లెక్క. డీలర్ ముందు ఆసు ఉంది, రెండోది పది విలువ ముక్క అయితే మనకి ఒకటికి రెండు ఇస్తాడు. పేకలో 13 రకాల్లో పది విలువవి 4 రకాలు. 13 సార్లు వంద చొప్పున కట్టావనుకో, 4 సార్లు గెలిచి 800 తెచ్చుకుంటావు, 9 సార్లు ఓడి 900 పోగొట్టుకుంటావు. ప్రతి 1300 మీద 100 నష్టం. 6:5 కన్నా అన్యాయం. పేరు మాత్రం ఎంత నమ్మకంగా పెట్టారో చూడు.

నాయనా, నీ 11,500 నేను టాలీ చేశాను, కాగితం మీద రాసుకున్నా. మొదటి టేబుల్ తప్పు వల్ల పోయినవి మూడు వేలు, రావాల్సినవి మూడు వేలు, వెరసి ఆరు వేలు నిజంగా అన్యాయమే, దానికి నువ్వు కెమెరా చూడమనాల్సింది. 750 బట్ట చదవకపోవటం. మిగిలిన 4,750 నీ ఆట, నీ ఇన్సూరెన్సు. చిప్స్ కొన్నప్పుడు వేసిన జీఎస్టీ ఎట్టా పట్టుకున్నారో చెప్తే అది కూడా విడదీస్తా, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. రసీదు ఉందా?

మంగళగిరి_పానకం | సాయంత్రం 4:40

బాబాయ్ గారూ మా ఇంటి ఖర్చుల డైరీ కూడా పంపిస్తా ఒకసారి చూడండి 🙏

అరండల్‌పేట_4వలైన్ | సాయంత్రం 5:12

రసీదు మా ఫ్రెండ్ దగ్గరుంది, అడుగుతా. తెనాలి అన్నా, ఈసారి వెళ్ళేముందు మీ షాపుకొచ్చి అరగంట కూర్చుంటా, ఆ సాఫ్ట్ 17 నాకు నాలుగు సార్లు పరిచి చూపించు, ఇప్పటికీ ఆసు పడగానే నా బుర్ర ఆగిపోతంది, ఆ అమ్మాయిని ఏమనను.

బాబాయ్ గారూ అంతా ఒప్పుకుంటున్నా, ఒక్కటే రిక్వెస్టు, ఆ ఇన్సూరెన్స్ లెక్క మాత్రం ఇక్కడే ఉంచండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. మా నాన్న ఎల్ఐసీ ఏజెంటు.

బ్యారేజీ_70_గేట్లు | సాయంత్రం 5:14

ఆల్రెడీ ఫార్వర్డ్ చేశా మావా